లెక్క మిగిలెను, పత్రములు పోయెను

1890వ సంవత్సరమున అమెరికా సంయుక్తరాష్ట్రముల జనాభా లెక్కకు హెర్మన్ హాలరిత్ నిర్మించిన విద్యుద్యంత్రమును వినియోగించిరి. ఒక్కొక్క మనుష్యునకు ఒక్కొక్క అట్టముక్క. వయస్సు, వృత్తి, జన్మస్థలము మున్నగు వివరములకు దానిపై రంధ్రములు. యంత్రము వానిని గుర్తించి సుమారు 6 కోట్ల 30 లక్షల జనులను వర్గములుగా లెక్కించెను. వర్గీకరణమున యంత్రము మనుష్యునకు సాయపడు యుగమున కిది నాంది.

మరి మూలపత్రముల గతి యేమయ్యెను? వాషింగ్టనులో నొక ప్రభుత్వభవనపు నేలమాళిగలో, భద్రపుగదికి వెలుపల, అవి పేర్చబడియుండెను. 1921 జనవరి 10న నిప్పంటుకొనెను. కొన్ని కాలెను, కొన్ని నీటను పొగను చెడెను. తరువాత, శేషించినవి నిరుపయోగ పత్రముల జాబితాలో చేరెను. అందు శాశ్వతముగా నుంచదగిన దేదియు గ్రంథాలయాధికారికి గానరాలేదు. 1933 ఫిబ్రవరి 21న శాసనసభ నాశమున కనుమతించెను. జాతీయ పత్రభాండాగారమునకు శంకుస్థాపన జరిగిన మరునాడే! నేడు దక్కినవి ఆరువేలకు పైబడిన పేర్లు మాత్రమే.

నేటి కార్యాలయములలో యంత్రము పత్రమును చదివి, ఉంచదగినదో తీసివేయదగినదో తానే విభజించుచున్నది. మంచిదే. కాని యంత్రము వర్గమును చెప్పును. విలువను నిర్ణయింపవలసినవారము మనమే. ఏ పత్రము నెంతకాల ముంచవలెనో, పోయినచో నెవరు సమాధానము చెప్పవలెనో ముందుగా నిశ్చయింపని సంస్థలో యంత్రవేగము నాశమును గూడ వేగిరపరచును గదా!