మదనపల్లె మీదుగా ఐర్లాండ్

ఐర్లాండ్‌ను పసిపిల్లలకు బొమ్మల పుస్తకాల్లో చూపించాలంటే పచ్చని కొండలు, మూడాకుల గుర్తు, చెప్పులు కుట్టే మాయల మరుగుజ్జు చాలనుకుంటారు. మన పిల్లలకు మాత్రం ఆ దేశం మదనపల్లె మీదుగానే పరిచయం కావాలి. బెల్‌ఫాస్ట్‌లో పుట్టిన కవి జేమ్స్ కజిన్స్, ఆయన భార్య మార్గరెట్ 1915లో భారతదేశానికి వచ్చారు. అదే ఏడు అనిబిసెంట్ చొరవతో మదనపల్లెలో మొదలైన దివ్యజ్ఞాన కళాశాలకు జేమ్స్ తర్వాత ప్రిన్సిపాల్ అయ్యారు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ అక్కడ బస చేసి జనగణమన పాడి వినిపించారు. ఐర్లాండ్‌లో సంగీతంలో పట్టా పొందిన మార్గరెట్ ఆ బాణీకి స్వరలిపి రాశారు. ఠాగూర్ పాటను ఇంగ్లీషులోకి మార్చింది కూడా అక్కడే. ఈ పాట 1911లోనే కలకత్తాలో వినబడింది కాబట్టి బాణీ మదనపల్లెలోనే పుట్టిందని పిల్లలకు చెప్పకూడదు. నిజమే చాలు. ఒక పేజీలో గడ్డపు కవి పాడుతుంటే, పక్కన ఐరిష్ ఆమె చెవి ఒగ్గి రాసుకుంటూ ఉంటుంది. రోజూ బడిలో ఆ పాట పాడే పిల్లకు ఆ బొమ్మ పరాయిది కాదు.

మన కథలే పిల్లలకు సరిగా అందడం లేదు, ఐర్లాండ్ కథలెందుకు అని అడిగేవారిది న్యాయమైన బెంగే. అయితే సోవియట్ బొమ్మల పుస్తకాలు తెలుగులో చదివి పెరిగిన తరం మన కథలకు దూరం కాలేదు. పైగా కజిన్స్ మోసుకొచ్చిన వారసత్వమే అలాంటిది. ఇంగ్లీషు పాలనలో మరుగున పడుతున్న ఐరిష్ పురాగాథలను తిరిగి నిలబెట్టిన సాహిత్యోద్యమంలో ఆయన ఒకరు. ఇక్కడికి వచ్చాక మన యువకులకు మన కళలనే గౌరవించమని చెప్పారు. 1956లో మదనపల్లెలోనే కన్నుమూశారు. ఆ ఐరిష్ గాథల్లో పెద్దది ఎద్దు కోసం జరిగిన యుద్ధం. భర్త దగ్గరున్న తెల్లకొమ్ముల ఎద్దుకు సాటి రావాలని మేవ్ రాణి అల్‌స్టర్ గోధుమరంగు ఆబోతు మీదికి సేనను నడిపితే, కుహులిన్ అనే కుర్రవాడు ఒక్కడే వాగు దగ్గర అడ్డుకుంటాడు. ఉత్తర గోగ్రహణంలో కౌరవసేనకు ఎదురు నిలిచిన అర్జునుణ్ణి విన్న పిల్లలకు ఇది కొత్తగా ఉంటుందా? ఆవుల్లోనూ పోలిక ఉంది: పొట్టి ఆవులకు పుంగనూరు ఎలా పేరుపడిందో, ఐర్లాండ్‌కు డెక్స్టర్ అనే పొట్టి జాతి అలాగే ఉంది. రెంటినీ ఎదురెదురు పేజీల్లో గీస్తే మాటలు కూడా అక్కర్లేదు.

ఆ యుద్ధంలోని నెత్తురు పసివాళ్లకు తగదనే అభ్యంతరాన్ని ఒప్పుకోవాల్సిందే. చిన్న పుస్తకం వాగు దగ్గర ఆగిపోవచ్చు, మిగతాది పెద్దయ్యాక చదువుకుంటారు. ఆ పేర్లకు నోరు తిరగదన్నది మాత్రం నిలవదు. తెలుగు, తమిళం, కన్నడం కలిసే కుప్పంలో పిల్లలు బడిలో చేరకముందే తమవి కాని శబ్దాలకు అలవాటు పడతారు. కుహులిన్‌ను తెలుగు లిపిలో అచ్చువేసి, పక్కన ఆబోతును రంగుల్లో వేస్తే, మొదటిసారి చదివి వినిపించే టీచరుకే కాస్త సాధన కావాలి.