ఛాయ చెప్పని మాట



ఛాయాచిత్రం అనే మాటను మనం అలవోకగా వాడుతున్నాము గాని, అందులోని ‘ఛాయ’ అంత సులువుగా లొంగేది కాదు. ఛాయ అంటే నీడ. కాంతి అని కూడా అర్థమున్నది. సూర్యుని తేజస్సును భరించలేక సంజ్ఞాదేవి తన స్థానంలో నిలిపి వెళ్ళిన ప్రతిరూపం పేరు కూడా ఛాయయే. ఆమె అసలు సంజ్ఞ కాదన్న సంగతి సూర్యుడంతటివాడే చాలాకాలం గ్రహించలేకపోయినాడు.

మొన్న మా మనుమడు తన సెల్‌ఫోనులో తీసిన గుడిగోపురం బొమ్మ చూపించినాడు. వెనుక ఆకాశమంతా ఎర్రని మేఘాలు. “ఆనాడు మబ్బుతునక కూడా లేదు కదరా!” అన్నాను. “ఎడిటింగులో పెట్టాను తాతయ్యా” అన్నాడు. ఇది కల్ల కాదా అని మందలించబోయి, ఒక పాత సైన్యాధికారి గుర్తుకు వచ్చి ఆగిపోయినాను.

ఆయన పేరు లిన్నేయస్ ట్రైప్. 1822లో ఇంగ్లండులోని డెవన్‌పోర్టులో పుట్టినాడు. ఈస్టిండియా కంపెనీవారి మదరాసు సైన్యంలో ఉద్యోగం. సెలవుపై స్వదేశం వెళ్ళినప్పుడు ఛాయాగ్రహణం నేర్చుకొని, 1854లో తిరిగివచ్చి, ఆ సంవత్సరాంతంలో హళేబీడు, బేలూరు ఆలయాలను చిత్రించినాడు. అప్పటికి అది కేవలం ఔత్సాహికుని వ్యాసంగమే. 1855లో మదరాసు ప్రదర్శనలో ఆ చిత్రాలకు పతకం లభించింది. అదే ఏడు బర్మారాజు కొలువుకు వెళ్ళిన రాయబార బృందంతో పంపినారు. 1856లో మదరాసు ప్రభుత్వానికి ఛాయాగ్రాహకుడైనాడు. అభిరుచియే అధికార పదవి అయిందన్నమాట.

ఆ కాలపు సాధన ఎంత కష్టమో చూడండి. బర్మాలో ఆయన వాడినది గాజుపలక కాదు, మైనం పట్టించిన కాగితం. దానిపై వెండి లవణాల పూత. వెలుతురు సోకనిచ్చే సమయం దీర్ఘం కనుక గాలికి కదిలే ఆకులు అలుక్కుపోయేవి. పైగా ఆ పూతకు నీలివన్నె పట్ల అతిగా స్పందించే గుణం ఉన్నది. రాతిగోడకు చాలినంత వెలుతురు సోకేలోపలే ఆకాశం మితిమీరి పట్టేది. అందుచేత ఆనాటి చిత్రాలలో ఆకాశం చాలావరకు వట్టి తెల్లకాగితమే, లేదా మరకల మయమే.

ట్రైప్ దీనికి ఒక ఉపాయం చేసినాడు. కుంచె తీసుకొని నెగటివుపైననే రంగు పూసినాడు. నెగటివుపై రంగు ఉన్నచోట వెలుగు అడ్డగింపబడి, అచ్చుప్రతిలో ఆ భాగం తెల్లగా నిలుస్తుంది. ఆ విధంగా బర్మా ఆకాశంలో మేఘాలు పుట్టినాయి; అలుక్కుపోయిన చెట్లకు ఆకులు మొలిచినాయి. 1857లో మదరాసులో సిద్ధమైన ఆ బర్మా సంపుటిలో 120 చిత్రాలున్నవి. ఇప్పుడు ఆ నెగటివులను పరిశీలించినవారికి కుంచె జాడలు స్పష్టంగా కనిపిస్తున్నవి.

మరి ఆయన అసత్యవాదియా? తొందరపడకండి. 1858లో ఆయనే తంజావూరు బృహదీశ్వరాలయానికి వెళ్ళి, ఆలయపీఠం చుట్టూ ఉన్న శాసనాన్ని ముక్కలు ముక్కలుగా తీసి, 21 అచ్చుప్రతులను అతికించి, సుమారు 19 అడుగుల పొడవైన ఒకే చిత్రంగా కూర్చినాడు. అతికించడం కూడా దిద్దుబాటే. కాని ఇక్కడ అది కంటి విందుకోసం కాదు, అక్షరం పోకుండా చదువుకోవడం కోసం.

ఆ ఏడే ఆయన చేసిన మరొక పని మన తెలుగువారికి ప్రాణప్రదమైనది. 1845లో గుంటూరు సీమలో అధికారిగా ఉన్న వాల్టర్ ఎలియట్ అమరావతి స్తూపాన్ని త్రవ్వించి శిల్పాలను మదరాసు చేర్పించినాడు. అవి అక్కడ ఏళ్ళతరబడి ఎండకూ వానకూ పడి ఉన్నవి. 1858లో ట్రైప్ వాటిని ఛాయాచిత్రాలుగా నిలిపినాడు. మరుసటి ఏడు, 1859లో, 121 శిలలు ఓడనెక్కి లండను వెళ్ళిపోయినవి. సముద్రం దాటకముందు అవి ఎట్లున్నవో, ఏ అంచు విరిగి ఉన్నదో చెప్పగల సాక్షి ఆ చిత్రమే. విరిగిన పద్మానికి ఎవరైనా ఒక రేకు అందంగా చేర్చి ఉంటే, ఆ సాక్ష్యం ఏమయ్యేది? మేఘం కల్పించడానికీ రేకు కల్పించడానికీ అంత దూరమున్నది.

1859లో గవర్నరుగా వచ్చిన చార్లెస్ ట్రెవెల్యన్ ఈ పనిని విలాసంగా భావించి ఆపించినాడు. ట్రైప్ ఆ తరువాత ఈ విద్యకు దాదాపుగా దూరమైనాడు. 1902లో మరణించినాడు.

ఇదంతా మనుమడికి చెప్పి, “మబ్బులు పెట్టుకో నాయనా, తప్పులేదు. పెట్టినానని క్రింద ఒక మాట వ్రాయి. గోపురం మీద బొమ్మ ఒకటి విరిగి ఉంటే మాత్రం విరిగినట్లే ఉంచు” అన్నాను.

పురాణంలో ఛాయ గుట్టు ఎప్పుడు బయటపడిందో మీకు తెలుసు గదా! సంజ్ఞ బిడ్డల పట్ల, తన బిడ్డల పట్ల పక్షపాతం చూపినప్పుడు. ఛాయ కావడం ఆమె దోషం కాదు. ఛాయనని చెప్పకపోవడమే చిక్కు తెచ్చింది.