మోకాళ్లూనిన గిటారు వాద్యకారుడు

ఈ వారం మనం ఒక రాక్ సంగీతకారుని చరిత్రను ధ్యానిద్దాం. ఆయన పేరు ఎరిక్ క్లాప్టన్.

ఆయన 1945లో ఇంగ్లండులోని రిప్లీ అనే పల్లెలో పుట్టారు. అమ్మమ్మ దగ్గర పెరిగి, ఆమెనే తల్లి అనుకున్నారు. అక్క అనుకున్న స్త్రీయే కన్నతల్లి అని తొమ్మిదేళ్ల వయసులో తెలిసింది. ఆ గాయాన్ని మోస్తూనే గిటారు పట్టారు. ఇరవై ఏళ్లకే ఎంత పేరు వచ్చిందంటే, లండన్‌లో ఎవరో గోడ మీద ‘క్లాప్టన్ దేవుడు’ అని రాశారు.

జనం దేవుడన్నారు గాని, లోపలి వెలితి తీరలేదు. 1970 తరువాత ఆయన హెరాయిన్‌కు బానిసై ఇల్లు కదలడం మానేశారు. 1973 జనవరిలో స్నేహితుడు పీట్ టౌన్‌షెండ్ లండన్‌లోని రెయిన్‌బో థియేటర్‌లో కచేరీ ఏర్పాటు చేసి, ఆయనను మళ్లీ వేదిక ఎక్కించారు. తరువాత హెరాయిన్ మానారు. అయితే దాని స్థానంలో మద్యం వచ్చి కూర్చుంది.

1982లో అమెరికాలోని హేజల్డెన్ చికిత్సాలయంలో చేరారు. బాగుపడినట్టే కనబడి, మళ్లీ తాగారు. 1987లో రెండవసారి అక్కడికే వెళ్లారు. బయటికి వెళితే మళ్లీ తాగుతానన్న భయంతో, ఒంటరిగా గదిలో మోకాళ్లూని సహాయం కోసం వేడుకున్నారు. ఎవరిని వేడుకుంటున్నారో అప్పుడు ఆయనకే సరిగా తెలియదు. అయినా ఆనాటి నుండి మద్యం ముట్టలేదు.

1991 మార్చిలో నాలుగేళ్ల కుమారుడు కోనర్ న్యూయార్క్‌లో 53వ అంతస్తు కిటికీ నుండి పడి చనిపోయాడు. అంత దుఃఖంలోనూ ఆ తండ్రి సీసా వైపు తిరగలేదు. 1998లో ఆంటిగ్వా దీవిలో వ్యసనపరుల కోసం క్రాస్‌రోడ్స్ అనే చికిత్సా కేంద్రం స్థాపించారు. మరుసటి ఏడాది తన గిటార్లు వంద వేలం వేసి, ఆ సొమ్ము దానికిచ్చారు.

ప్రియులారా, మన ఇళ్లలోనూ ఒకసారి మాని, మళ్లీ తాగినవారున్నారు. ‘వీడింక మారడు’ అని మనం ఎంత తొందరగా అనేస్తాం! 1982కూ 1987కూ మధ్య ఐదేళ్లున్నాయి. ఆ ఐదేళ్లలో ఆయన గురించి కూడా అలాగే అనుకోవచ్చు. కాబట్టి అలాంటివారిని రెండవసారి కూడా మనమే చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి తీసుకువెళదాం. చికిత్స చేయించడం విశ్వాసం లేకపోవడం కాదు. వారు తిరిగి వచ్చాక గుడిలో మన పక్కనే కూర్చోబెట్టుకుందాం.