టైరు వెడల్పు: మేడ్చల్, శామీర్‌పేట రోడ్ల కథ

మన ప్రత్యేక సంచికకు సర్వీసు జ్ఞాపకాలు చాలామంది మిత్రులు రాస్తారు కనుక నేను టైరు వెడల్పు గురించి రాస్తాను. పాత కారు అట్టిపెట్టుకున్న మనవాళ్లు టైర్లు మార్పించడానికి వెళ్తే, "కాస్త వెడల్పువి వేసుకోండి సార్, రోడ్డును బాగా పట్టుకుంటాయి" అని షాపులో అంటారు. ఆ మాటలో నిజముంది. కాని దాని వెనక ఉన్న చరిత్ర తెలిస్తే ఎంతవరకు ఒప్పుకోవాలో తెలుస్తుంది.

1932లో నిజాం రైల్వే 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టేనాటికి పల్లెల్లో నడిచేవి ఇనుప పట్టా ఎడ్లబండ్లే. ఆ సన్నని పట్టా కంకర రోడ్డును కోసేసేది. తర్వాత వచ్చిన టైరు బండ్లతో రోడ్డుకూ ఎడ్లకూ సుఖమైంది. ఎడ్లబండికి మడ్‌గార్డు లేదు కదా, టైరు రాసుకునే బాధా లేదు!

ఆ బాధ లారీలతో వచ్చింది. మేడ్చల్ మీదుగా పోయే రోడ్డు అప్పట్లో 7వ నంబరు జాతీయ రహదారి. 2010లో నంబర్లు మార్చినప్పుడు 44 అయింది. ఎక్కువ బరువు కోసం 9.00-20 టైర్లు తీసి 10.00-20 వేసేవారు. పెరిగింది ఒక్క అంగుళమే. అయితే వెనక జోడు టైర్లలో ఒక్కొక్కటి అర అంగుళం చొప్పున రెండోదాని వైపు జరుగుతుంది కనుక, మధ్య సందులో ఆ అంగుళమంతా పోతుంది. లోడుకు పక్కలు ఉబ్బి ఒకదానికొకటి రాసుకుంటే వేడెక్కి పగలడమే. రిమ్ముల మధ్య దూరం పెంచకుండా టైరు పెంచకూడదన్నది గ్యారేజీల్లో అందరికీ తెలిసిన సంగతి.

కార్ల సంగతి వేరు. అంబాసిడర్‌కు 5.90-15, ఫియట్‌కు 5.20-14. ఆ రోజుల టైర్లలో వెడల్పు పెరిగితే ఎత్తూ పెరిగేది. అందువల్ల లోపల కమాను పట్టీలు, బయట మడ్‌గార్డు అంచు, పైన దాని కప్పు, మూడు చోట్లా చూసుకోవలసి వచ్చేది.

ఈ చిక్కును విడదీసింది రేడియల్ టైరు. మిషెలిన్ కంపెనీ 1946లో పేటెంటు తీసుకుంది. మన దేశంలో జె.కె. టైర్ 1977లో తెచ్చింది. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800కు 145/70 ఆర్ 12. అంటే వెడల్పు 145 మిల్లీమీటర్లు, పక్క ఎత్తు అందులో 70 శాతం, రిమ్ము 12 అంగుళాలు. దీని బదులు 155/65 వేస్తే వెడల్పు 10 మిల్లీమీటర్లు పెరుగుతుంది, మొత్తం ఎత్తు మాత్రం ఒకటిన్నర మిల్లీమీటరు తగ్గుతుంది. పైన సందు అలాగే ఉంటుంది, స్పీడోమీటరు తప్పు చెప్పదు. పక్కలకు చెరి 5 మిల్లీమీటర్లు దొరికితే చాలు. రిమ్ము కూడా మారిస్తే లెక్క మారుతుంది: అర అంగుళం వెడల్పు రిమ్ము మీద అదే టైరు మరో 5 మిల్లీమీటర్ల దాకా పరుచుకుంటుంది. బోల్టుల పలక లోపలికో బయటికో ఉన్న రిమ్మైతే చక్రమంతా అటో ఇటో జరుగుతుంది.

షాపు ముందు ఖాళీ కారును జాకీ మీద తిప్పి "ఎక్కడా తగలట్లేదు" అంటే నమ్మరాదు. ఆదివారం అయిదుగురు కూర్చుని శామీర్‌పేట చెరువుకు బయల్దేరాక, స్పీడు బ్రేకరు దగ్గర స్ప్రింగులు దిగినప్పుడు అసలు సంగతి బయటపడుతుంది. కనుక మనుషులను కూర్చోబెట్టి, స్టీరింగు రెండు వైపులా పూర్తిగా తిప్పి, గతుకు మీద నడిపి, తర్వాత మడ్‌గార్డు లోపల చెయ్యి పెట్టి చూడాలి. మెరుగెక్కిన చోటే రాపిడి. కొందరు అంచును సుత్తితో మడిపిస్తారు. నాకది నచ్చదు, రంగు పగిలి అక్కడే తుప్పు మొదలవుతుంది.

ఔటర్ రింగు రోడ్డు మేడ్చల్, శామీర్‌పేటలను కలిపింది. 2023లో దానిమీద వేగ పరిమితిని గంటకు 120 కిలోమీటర్లు చేశారు. ఆ వేగంలో రాసుకునే టైరు ఎంతసేపు నిలుస్తుంది?

చట్టమూ ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌ను 2000లో సవరించి, తయారీదారు ఇచ్చిన కొలతలకు భిన్నంగా బండిని మార్చరాదన్నారు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు అదే ఖాయం చేసింది. కాబట్టి షాపుకు వెళ్లేముందు డ్రైవరు తలుపు దగ్గరి చీటీనో కారుతో ఇచ్చిన పుస్తకాన్నో చూడండి. అదే మోడల్ పై రకానికి కంపెనీవారే వెడల్పు టైరు ఇచ్చి ఉంటే, ఆ కొలతే అడగండి.