ఎంబసీ వాళ్ల ఇంట్లో, యూఎన్ ఆఫీసులో పని: జీతం ఆగితే ఎవరిని అడగాలి?

శుక్రవారం మిర్కాబ్ బస్టాండు దగ్గర కలిసినప్పుడు మనవాళ్లు అడుగుతుంటారు: "ఎంబసీ ఆఫీసరు ఇంట్లో పని దొరికిందన్నా, ఇక భయం లేదు కదా?" చేరే ముందు ఈ సంగతి తెలుసుకోండి.

ఐక్యరాజ్యసమితి సంస్థలకు 1946 ఒప్పందం, దౌత్యవేత్తలకు 1961 వియన్నా ఒప్పందం ప్రత్యేక రక్షణ ఇచ్చాయి. అంటే వాళ్లు పనిచేసే దేశంలోని కోర్టు వాళ్ల మీద మామూలుగా కేసు నడపలేదు. ఇది వాళ్ల విధులు అడ్డం లేకుండా సాగడానికే గానీ జీతం ఎగ్గొట్టడానికి కాదు. స్థానిక చట్టాన్ని వాళ్లూ గౌరవించాలని వియన్నా ఒప్పందం 41వ అధికరణం చెబుతుంది.

మీరు ఏ లెక్కలోకి వస్తారు?

1. క్లీనింగ్, సెక్యూరిటీ కంపెనీ ద్వారా అక్కడ పనిచేస్తుంటే మీ యజమాని ఆ కంపెనీయే. దానికి ఈ రక్షణ లేదు. 2010 నాటి 6వ నంబరు కార్మిక చట్టం కింద షూన్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు.

2. యూఎన్ సంస్థే నేరుగా పెట్టుకుంటే కోర్టు దారి కష్టం. కానీ తగాదా తీర్చే వేరే ఏర్పాటు సంస్థే చేయాలని 1946 ఒప్పందంలో ఉంది. అది ఎక్కడో కాంట్రాక్టులో చూసుకోండి.

3. దౌత్యవేత్త ఇంట్లో ఖద్దామాగా, డ్రైవరుగా ఉంటే ఎక్కువ జాగ్రత్త కావాలి. కువైట్ దౌత్యవేత్త ఒకరు అమెరికా తీసుకెళ్లిన ముగ్గురు భారతీయ మహిళలు 2007లో వాషింగ్టన్‌లో కేసు వేశారు. ఆ అధికారి మీద కేసును 2009లో కోర్టు కొట్టేసింది, కారణం దౌత్య రక్షణే. ఇంకో భారతీయ మహిళ కేసులో మాత్రం 2010లో న్యూయార్క్ అప్పీలు కోర్టు వేరేగా చెప్పింది: పదవి అయిపోయాక, ఇంటిపని లాంటి సొంత వ్యవహారాలకు ఆ రక్షణ మిగలదు. అందుకే ఆలస్యమైనా కాగితాలు పారేయొద్దు.

ఏం చేయాలి?

కాంట్రాక్టు, అకామా, జీతం రసీదులు ఫోటో తీసి ఇంటికి పంపండి. జీతం చేతికి కాకుండా బ్యాంకులో వేయమనండి. పాస్‌పోర్టు మీ దగ్గరే ఉంచుకోండి.

జీతం ఆగితే భారత రాయబార కార్యాలయంలో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. ఊళ్లో ఉన్నవాళ్లు మదద్ పోర్టల్‌లో పెట్టొచ్చు. దౌత్యవేత్తకున్న రక్షణను ఆయన సొంత దేశం వదులుకోవచ్చు, కాబట్టి ఒత్తిడి అక్కడికి చేరాలి.

ఇంకొక్క మాట. ఆ రక్షణ యజమానిది, మీది కాదు. మీ మీద కేసు వస్తే అది మిమ్మల్ని కాపాడదు.