ఆన్‌లైన్ జూదానికి లైసెన్సు కలదా?

డబ్బు పందెంగా ఒడ్డించే ఆన్‌లైన్ ఆటల వ్యాపారానికి లైసెన్సు ఇచ్చే ఏర్పాటు కేంద్ర చట్టంలో లేదు. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం, నైపుణ్యమా అదృష్టమా అన్న భేదం చూడక అట్టి ఆటలన్నిటినీ నిషేధించినది.

అంతకు మునుపు పొలిమేర దాటితే న్యాయం మారేది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ రమ్మీని నిషేధించాయి. కర్ణాటక 2021లో తెచ్చిన నిషేధాన్ని మాత్రం అక్కడి హైకోర్టు 2022 ఫిబ్రవరిలో కొట్టివేసినది. హిందూపురంలో నేరమైన ఆట గౌరీబిదనూరులో నేరం కాకపోయెను!

విదేశీ లైసెన్సు ఉన్నదని చెప్పి పల్లె యువకులను ఏజెంట్లుగా చేర్చుకొనేవారి మాట నమ్మరాదు. విదేశం నుండి నడిపినా, ఇక్కడివారిచేత ఆడిస్తే ఈ చట్టం వర్తించును. ఆడించినవారికి, సొమ్ము చేతులు మారడానికి తోడ్పడినవారికి 3 ఏళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. ప్రకటనలిచ్చినవారికి 2 ఏళ్లు, 50 లక్షల వరకు. కేవలం ఆడినవారికి ఈ చట్టంలో శిక్ష లేదు. రాష్ట్ర చట్టాల సంగతి వేరు.

పందెం లేని ఈ-స్పోర్ట్స్‌కు మాత్రం గుర్తింపు, నమోదు ఈ చట్టంలోనే కలవు.