కవళ్లు రాని సంవత్సరాలు

బెంగళూరుకు సముద్రం లేదు. అయినా శివాజీనగర్‌లోని రసెల్ మార్కెట్‌లో చేపల అంగళ్ల ముందు నిలబడితే పడమటి తీరం సంగతులు తెలుస్తాయి. ఒకే చేపను మంగళూరు వారు బూతాయి అంటారు, మలయాళీలు మత్తి అంటారు, మన కోస్తా వారు నూనె కవళ్లు అంటారు. పేదవాడి కంచంలోకి వచ్చే ఈ చిన్న చేప చరిత్రను ఈ రోజు కాసేపు చెప్పుకుందాం.

ఈ చేప ఒక ఏడు రాశులుగా పడుతుంది. మరొక ఏడు వలకు చిక్కనే చిక్కదు. మద్రాసు మత్స్యశాఖలో పనిచేసిన జేమ్స్ హార్నెల్ నూరేళ్ల క్రితమే దీనిని పట్టించుకున్నారు. 1920 దశకంలో ఆయన, నాయుడు అనే సహచరుడు కలిసి ఈ చేప జీవిత క్రమాన్ని, మలబారు సముద్రంలోని ప్లవకాలను పరిశీలించి ప్రకటించారు. 1940 దశకం తొలినాళ్లలో కవళ్లు బాగా తగ్గిపోయాయి. ప్రభుత్వం వలలను తప్పుపట్టింది. 1943లో పిల్లచేపల వేటపై ఆంక్షలు పెట్టింది. కొన్నేళ్లకే వాటిని ఎత్తివేసింది.

మరి తప్పు వలదేనా? నైరుతి రుతుపవనాల కాలంలో వీచే గాలులకు తీరం దగ్గరి పైనీరు లోపలికి జరిగిపోతుంది. దాని చోటులోకి అడుగునున్న చల్లని నీరు పోషకాలతో పైకి వస్తుంది. ఆ పోషకాలతో ప్లవకాలు పెరుగుతాయి. అవే కవళ్ల మేత. గాలి తీరు మారితే, నీరు వేడెక్కితే, మేత తగ్గుతుంది. పసిఫిక్ మహాసముద్రం వేడెక్కే ఎల్‌నినో సంవత్సరాలలో ఈ వరస తప్పే ప్రమాదం ఎక్కువ. కేరళలో 2012లో దాదాపు 3.9 లక్షల టన్నులు పడిన ఈ చేప 2021లో 3,297 టన్నులకు దిగజారింది. 2023లో మళ్లీ లక్ష టన్నులు దాటింది.

ఇంకొక విశేషం. 1980 దశకానికి ముందు తూర్పు తీరంలో ఈ చేప అరుదు. ఆ తరువాత తమిళనాడు, ఆంధ్ర తీరాలలోనూ విరివిగా పడసాగింది. సముద్రం వేడెక్కడం దీనికి ఒక కారణమని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు.

చేప రాని ఏడు కూడా పడవ మీది అప్పు ఆగదు. అందుకే జాలరి దొరికిన పిల్లచేపనైనా పడతాడు. కాని కరువు ఏట పిల్లచేపలను పట్టడమంటే విత్తనాల గింజలు వండుకోవడమే. పది సెంటీమీటర్లకన్న చిన్న కవళ్లను పట్టరాదని కేరళ ప్రభుత్వం 2015లో నియమం చేసింది. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఉపగ్రహాల సాయంతో సముద్రపు వేడిని, ప్లవకాల జాడను చూసి, చేపలుండే చోట్లను జాలరులకు తెలియజేస్తోంది.

గాలి మన చేతిలో లేదు. వల కన్ను మన చేతిలోనే ఉంది. వేలెడంత కవళ్లను అంగట్లో కొనకుండా వదిలేయడం సముద్రం లేని ఊరివారికీ సాధ్యమే.